ఫ్లోరిడాలో ఐస్ హాకీ ఫైనల్ పెడితే ఎవరికి లాభం?

(టాంపాలో తెలుగు కుటుంబాల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడా తిరగబడిన వాక్యాలు మాత్రం సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, భోజనాలకి ఇంకా టైముంది, బిర్యానీ ఎక్కడికీ పోదు.

హాకీ అనగానే ఇక్కడున్న పెద్దవాళ్లకి ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. నేను చెప్పబోయేది ఆ హాకీ గురించి కాదు, ఐస్ హాకీ గురించి, అందులోనూ కాలేజీ ఐస్ హాకీ గురించి. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్లు ఏటా ఏప్రిల్‌లో ఆఖరి నాలుగు జట్లతో ఒక చోట పోటీ పెడతారు, దాన్ని ఫ్రోజెన్ ఫోర్ అంటారు. గురువారం రెండు సెమీస్, శనివారం ఫైనల్. మొదటి డివిజన్‌లో మగపిల్లల జట్లు అరవై పైచిలుకు, వాటిలో చాలా భాగం మాసచుసెట్స్, న్యూయార్క్, మిషిగన్, మిన్నెసోటా, వాటి చుట్టుపక్కల రాష్ట్రాల్లోవే. అంటే చెరువులు గడ్డకట్టే ఊళ్లు. మనలో సగం మంది ఆ ఊళ్లలో నాలుగైదు చలికాలాలు మంచు ఎత్తిపోసి, ఇక మావల్ల కాదు బాబోయ్ అని ఫ్లోరిడాకి వచ్చినవాళ్లమే.

అలాంటి పోటీ మన టాంపాలో మూడుసార్లు జరిగింది. 2012, 2016, 2023. మన డౌన్‌టౌన్ అరీనాలోనే. జరిగిన ప్రతిసారీ పేపర్లలో ఒకటే మాట: ఇలా దక్షిణాన పెడితే ఆట కొత్త ప్రాంతాలకి పాకుతుంది, పెరుగుతుంది అని. నేను ఈరోజు ఆ మాట మీదే గొడవ పెట్టుకోబోతున్నాను. టాంపాలో పెట్టొద్దు అనడంలేదు, పెట్టమనే అంటాను, బ్రహ్మాండంగా జరుగుతుంది కూడా. కానీ దానివల్ల ఆట పెరుగుతుందన్న మాట మాత్రం నమ్మను.

ముందు కొంచెం పాత సంగతి. ఈ పోటీ మొదలైంది 1948లో. ఎక్కడో ఊహించండి. బోస్టన్ కాదు, మిన్నెసోటా కాదు. కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ అనే పెద్ద రిసార్ట్ హోటల్ ఉంది, ఆ హోటల్‌వాళ్ల ఐస్ ప్యాలెస్‌లో పెట్టారు. మిషిగన్ 8-4తో డార్ట్‌మత్‌ని ఓడించింది. ఒక్కసారి కాదు, 1957 వరకు వరసగా పదేళ్లు అక్కడే జరిగింది. అప్పట్లో కాలేజీ హాకీకి కొలరాడో ఏమీ పుట్టిల్లు కాదు, బలమైన జట్లన్నీ చాలా దూరాన ఉండేవి. హోటల్‌వాళ్లకి ఆసక్తి ఉంది, మంచి రింక్, అంటే ఐసు మైదానం, ఉంది, వచ్చినవాళ్లకి గదులున్నాయి, అందుకని పెట్టారు. కాబట్టి "ఇదేమిటి, ఆట పుట్టినచోట వదిలేసి ఎక్కడెక్కడికో తీసుకుపోతున్నారు" అని ఇప్పుడు బాధపడే పెద్దమనుషులకి నేను చెప్పేది ఒక్కటే, మొదటి రోజు నుంచీ ఈ పోటీ బయటి ఊళ్లోనే నడిచింది.

మరి ఆ బయటి ఊళ్లో ఆట పెరిగిందా అంటే, బ్రహ్మాండంగా పెరిగింది. కొలరాడో కాలేజ్ 1950లో, 1957లో తన సొంత ఊళ్లోనే కప్పు గెలిచింది. పక్కనే డెన్వర్ యూనివర్సిటీ, మొదటి పోటీ జరిగిన మరుసటి ఏడాది 1949లో జట్టు పెట్టింది. 2024లో బోస్టన్ కాలేజ్ మీద 2-0తో గెలిచేసరికి డెన్వర్ లెక్క 10 టైటిళ్లు. అన్ని టైటిళ్లు అప్పటికి ఇంకెవరికీ లేవు.

చూశారా, ఫైనల్ పెట్టారు, ఆట పెరిగింది అంటారేమో. ఆగండి. అక్కడ రింక్ 1938 నుంచి ఉంది, కొలరాడో కాలేజ్ అప్పటి నుంచే ఆడుతోంది. ఊళ్లో ఏడాది పొడుగునా ఐసు, ఊళ్లోనే జట్టు, వారం వారం మ్యాచులు. వాటి మీద ఏడాదికోసారి ఈ పండగ. రింకూ జట్టూ ముందొచ్చాయి, ఫైనల్ తర్వాతొచ్చింది.

ఇప్పుడు 1999కి వద్దాం. ఆ ఏడాది ఫ్రోజెన్ ఫోర్ కాలిఫోర్నియాలో, అనహైమ్‌లో పెట్టారు. డిస్నీల్యాండ్ ఉన్న ఊరు. అప్పటికి పదకొండేళ్ల క్రితం, 1988లో, హాకీలో మహా పేరున్న ఆటగాడు గ్రెట్‌స్కీని కెనడాలోని ఎడ్మంటన్‌నుంచి లాస్ ఏంజెలెస్‌కి తెచ్చారు, దాంతో కాలిఫోర్నియాలో హాకీకి ఊపొచ్చింది, 1993లో అనహైమ్‌కి సొంత ప్రొఫెషనల్ జట్టు కూడా వచ్చింది. సరే, ఫైనల్‌కి ఎవరు వచ్చారు? మెయిన్, న్యూ హ్యాంప్‌షైర్. పక్కపక్క రాష్ట్రాలు! ఈశాన్య మూల నుంచి రెండు ఇరుగుపొరుగు జట్లు దేశమంతా దాటి పసిఫిక్ ఒడ్డుకి వచ్చి కొట్టుకున్నాయి. ఓవర్‌టైమ్‌లో మార్కస్ గుస్తాఫ్సన్ గోల్ కొట్టి మెయిన్‌ని 3-2తో గెలిపించాడు. అద్భుతమైన మ్యాచ్. కానీ పాతికేళ్లు దాటింది, ఇవాళ్టికీ కాలిఫోర్నియాలో మొదటి డివిజన్ హాకీ ఆడే యూనివర్సిటీ ఒక్కటీ లేదు. విద్యార్థులే నడుపుకునే క్లబ్ జట్లున్నాయి, అది వేరే సంగతి.

అరిజోనా సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ ఫ్రోజెన్ ఫోర్ ఒక్కసారీ జరగలేదు. కానీ అరిజోనా స్టేట్ కుర్రాళ్లు క్లబ్ హాకీలో జాతీయ స్థాయిలో గెలిచారు, 2014లో దాతలు 3.2 కోట్ల డాలర్లు ఇచ్చారు, 2015లో మొదటి డివిజన్‌కి వచ్చేశారు, నాలుగో సీజన్‌కే, 2019లో, జాతీయ టోర్నమెంట్‌లో అడుగుపెట్టారు. 2022లో ఐదు వేల సీట్లతో సొంత అరీనా కట్టుకున్నారు. తమాషా ఏమిటంటే, అదే ఊళ్లో పేరుపొందిన ప్రొఫెషనల్ జట్టు కయోటీస్‌కి ఆడటానికి చోటు లేక రెండేళ్లు ఈ కాలేజీ అరీనాలో అద్దెకున్నట్టు ఆడి, 2024లో యూటాకి వెళ్లిపోయింది. ప్రొఫెషనల్స్ పోయారు, ఎడారిలో కాలేజీ జట్టు మిగిలింది.

ఇప్పుడు నాకు బాగా మంటపుట్టించే సంగతి ఒకటి చెబుతాను.

టాంపాలో 2012లో మొదటిసారి పెట్టినప్పుడు, రూలు ప్రకారం ఆతిథ్యానికి ఒక యూనివర్సిటీ పేరు ఉండాలి. ఫ్లోరిడాలో మొదటి డివిజన్ హాకీ ఆడే యూనివర్సిటీ లేదు. అప్పుడు ఆతిథ్యం ఇచ్చిందెవరో తెలుసా? అలబామా-హంట్స్‌విల్. అప్పట్లో దక్షిణాదిలో మొదటి డివిజన్ ఆడే ఏకైక జట్టు వాళ్లది. రాకెట్లు తయారయ్యే ఊరు, మనవాళ్లు కూడా అక్కడ చాలామంది ఉన్నారు. 1996లో, 1998లో రెండో డివిజన్‌లో ఛాంపియన్లు, 2007లో, 2010లో పెద్ద టోర్నమెంట్‌కి కూడా వెళ్లారు. 2007లో నోటర్ డేమ్ లాంటి జట్టుని రెండో ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లి 3-2తో ఓడారు. అలాంటి జట్టుని 2011 అక్టోబర్‌లో యూనివర్సిటీవాళ్లే రద్దు చేస్తున్నాం అన్నారు. డిసెంబర్‌లో కొత్త ప్రెసిడెంట్ వచ్చి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. అంటే 2012 ఏప్రిల్‌లో టాంపాలో దక్షిణాది హాకీ గురించి ఉపన్యాసాలు దంచుతున్నప్పుడు, ఆతిథ్యం ఇచ్చిన జట్టు నాలుగు నెలల కిందటే చావు తప్పించుకుని వచ్చిందన్నమాట!

ఆ తర్వాత ఏమైంది? హంట్స్‌విల్ ఆడే లీగ్‌లోంచి ఏడు జట్లు బయటికొచ్చి 2021కల్లా వేరే లీగ్ పెట్టుకున్నాయి. హంట్స్‌విల్‌నీ, అలాస్కాలోని రెండు జట్లనీ వదిలేశాయి. కారణాల్లో ఒకటి ప్రయాణ దూరం. ఆ ఏడు జట్లలో ఫెరిస్ స్టేట్ ఒకటి. 2012లో మన టాంపాలో ఫైనల్ ఆడిన ఫెరిస్ స్టేట్! ఎండలో ఫైనల్ ఆడటానికి దూరం అడ్డురాలేదు, ఏడాది పొడుగునా దక్షిణాది జట్టుతో కలిసి ఆడాలంటే మాత్రం అడ్డొచ్చింది. 2020లో హంట్స్‌విల్ జట్టుని మళ్లీ రద్దు అన్నప్పుడు అభిమానులు, పాత ఆటగాళ్లు చందాలేసుకుని కొద్ది రోజుల్లోనే ఐదు లక్షల డాలర్లకు పైగా పోగుచేసి జట్టుని నిలబెట్టారు. చేర్చుకునే లీగ్ దొరక్క 2021 మే నెలలో మూసేశారు. ఇంకా తెరవలేదు.

ఫెరిస్ స్టేట్‌ని పూర్తిగా తిట్టలేను. మిషిగన్‌లో చిన్న ఊరు కాలేజీ, వాళ్ల బడ్జెట్ వాళ్లది, విమానం టికెట్లు వాళ్లే కట్టుకోవాలి. కానీ ఆట పెరగాలి అని మైకులో చెప్పేవాళ్లు, ఉన్న ఒక్క మొక్కకి నీళ్లు ఎవరు పోస్తారో కూడా చెప్పాలి కదా.

సరే, కోపం తగ్గించుకుంటాను. అసలు టాంపాలో ఎందుకు అంత బాగా జరుగుతుందో చూద్దాం. 2023 ఫైనల్ గుర్తుందా? మిన్నెసోటా 2-0తో ముందుంది. క్విన్నిపియాక్ ఒక గోల్ తిరిగి కొట్టింది, చివరి మూడు నిమిషాల్లో గోలీని, అంటే గోల్ కాపలా ఉండే ఆటగాణ్ణి, బయటికి పిలిచి అదనంగా ఒక ఆటగాణ్ణి దింపి స్కోరు సమం చేసింది, ఓవర్‌టైమ్ మొదలైన పదో సెకనులో జేకబ్ క్విలెన్ గోల్. పది సెకన్లు! పాప్‌కార్న్ కోసం లేచినవాళ్లు ఫైనల్ చూడలేదు. క్విన్నిపియాక్‌కి అదే మొదటి టైటిల్. హాల్లో 19 వేల మందికి పైగా జనం.

ఆ జనం ఎవరు? అదే అసలు విషయం. ఆ నాలుగు జట్ల అభిమానులు కొందరు, నిజమే. కానీ సగం మంది ఒంటి మీద చూస్తే ఆ నాలుగూ కాని జెర్సీలుంటాయి, మెయిన్, విస్కాన్సిన్, కార్నెల్, మిషిగన్ టెక్ అన్నీ కనిపిస్తాయి. వాళ్ల జట్టు ఎప్పుడో ఓడిపోయి ఉంటుంది. అయినా వస్తారు. పోటీ ఎక్కడుందో ఏళ్ల ముందే తెలుస్తుంది, టికెట్లు ముందే కొంటారు, పాత కాలేజీ స్నేహితులు కలిసి ఏటా ఒక ఊరు వెళ్లడం వాళ్లకి అలవాటు. అలాంటివాళ్లకి ఏప్రిల్‌లో టాంపా అంటే ఇంకేం కావాలి. హోటల్ నుంచి రివర్‌వాక్ మీద నడుచుకుంటూ అరీనాకి, శుక్రవారం మ్యాచులుండవు కాబట్టి బీచికి. ఉత్తరాదిలో ఇంకా కోట్లు విప్పని రోజులవి.

మన తెలుగు సభలతో పోల్చి చూడండి. 2025 జులైలో నాట్స్ వాళ్ల అమెరికా తెలుగు సంబరాలు ఇక్కడే, ఈ అరీనాకి కూతవేటు దూరంలో ఉన్న కన్వెన్షన్ సెంటర్‌లో జరిగాయి. జనం పోటెత్తారు. వాళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు? డాలస్, న్యూజెర్సీ, చికాగో, అట్లాంటా. అంతా ముందే తెలుగువాళ్లు. ఆ మూడు రోజులవల్ల టాంపాలో ఒక్కడైనా కొత్తగా తెలుగు నేర్చుకున్నాడా? నేర్పేది ఆదివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించే టీచర్లు, వాళ్లకి స్టేజీ మీద దండలు కూడా పడవు. అలాగని సంబరాలు వద్దంటామా? అనం. సంబరాన్ని సంబరంగా చూస్తాం, బడిగా లెక్కగట్టం. ఫ్రోజెన్ ఫోర్‌ని కూడా అలా చూస్తే నాకే పేచీ లేదు.

ఇక్కడ ఒక కుర్రాడి సంగతి చెప్పి తీరాలి. షేన్ గోస్టిస్‌బేర్. పుట్టింది మన ఫ్లోరిడాలోనే, పెంబ్రోక్ పైన్స్‌లో, 1993 ఏప్రిల్‌లో. సరిగ్గా ఆ ఏడాదే దక్షిణ ఫ్లోరిడాలో ప్యాంథర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు మొదలైంది, వాళ్ల ప్రాక్టీసు రింక్ ఈ కుర్రాడికి దగ్గరైంది. అక్కడ స్కేటింగ్ నేర్చుకుని, తర్వాత చదువుకి కనెక్టికట్ వెళ్లి, న్యూయార్క్‌లో యూనియన్ అనే చిన్న కాలేజీలో చేరాడు. 2012లో టాంపాలో మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్ పెట్టినప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థిగా యూనియన్ జట్టుతో ఇక్కడికి వచ్చి ఆడాడు. సెమీస్‌లో ఫెరిస్ స్టేట్ చేతిలో ఓడారు. రెండేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో యూనియన్ 7-4తో మిన్నెసోటాని ఓడించి కప్పు గెలిచింది, ఆ ఫైనల్లో గోస్టిస్‌బేర్ ఐసు మీద ఉన్నంతసేపు లెక్క చూస్తే జట్టుకి ప్లస్ ఏడు, అంటే తిన్న గోల్స్ కన్నా కొట్టినవి ఏడు ఎక్కువ. మామూలు ఆట కాదది. అంటే ఫ్లోరిడాకి ఫ్రోజెన్ ఫోర్ వచ్చేసరికే ఫ్లోరిడా కుర్రాడు తయారై అందులో ఆడుతున్నాడు. వాణ్ణి తయారుచేసింది ఏడాది పొడుగునా తెరిచి ఉన్న రింక్, పొద్దున్నే కారులో దింపిన అమ్మానాన్నలు.

మన టాంపాలో కూడా అంతే. ప్రొఫెషనల్ జట్టు లైట్నింగ్ 1992 నుంచి ఉంది, 2004లో, 2020లో, 2021లో ప్రొఫెషనల్స్ పెద్ద కప్పు స్టాన్లీ కప్ గెలిచింది. మీ పిల్లలు నీలం జెర్సీ వేసుకుని తిరుగుతున్నారంటే అది లైట్నింగ్ పుణ్యం. ఇక్కడ కొదవల్లా కాలేజీ జట్టుకే. పద్దెనిమిదేళ్లొచ్చాక మంచి కుర్రాడు ఉత్తరాదికి పోవాల్సిందే.

కొందరు అడుగుతుంటారు, ఇంత వేడిలో ఐసు బాగుంటుందా అని. మూసిన హాల్లో ఐసుకి బయటి వేడికన్నా గాలిలో తేమే పెద్ద శత్రువు. కింద పైపుల్లో చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది, దాని మీద పల్చటి పొరలు పొరలుగా నీళ్లు పోసి గడ్డకట్టిస్తారు, మొత్తం మందం ఒక అంగుళం, మహా అయితే ఇంకో పావు. ఇక్కడివాళ్లు తేమ లాగేసే యంత్రాలు బాగా పెట్టారు, తలుపులు ఊరికే తెరవనివ్వరు. ఐసు మీద పొగమంచు కమ్మేసి పక్, అంటే ఆడే బిళ్ల, కనపడక ఆట ఆగిన ప్రసిద్ధ మ్యాచ్ జరిగింది దక్షిణాదిలో కాదు. 1975 మే నెలలో, బఫలోలో, స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో. ఏసీ లేని పాత హాలు! ఉత్తరాది మిత్రులెవరైనా ఫ్లోరిడా ఐసుని వెక్కిరిస్తే ఈ మ్యాచ్ గుర్తుచేయండి.

నష్టపోయేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు విద్యార్థులు. ఫలానా జట్టు ఫ్రోజెన్ ఫోర్‌కి వెళ్తోందని తేలేది రీజనల్స్, అంటే దానికి ముందు జరిగే రౌండ్లు, అయ్యాక, ఆదివారం. అక్కడి నుంచి పది పదకొండు రోజుల్లో సెమీస్. పార్ట్‌టైమ్ పని చేసుకుని చదువుకునే పిల్లాడు ఆ తక్కువ టైములో నార్త్ డకోటా నుంచి టాంపాకి విమానం టికెట్ కొనాలి, హోటల్ చూసుకోవాలి, క్లాసులు ఎగ్గొట్టాలి. బ్యాండ్‌వాళ్లు వస్తారు, వాళ్ల ఖర్చు వేరే పెట్టుకుంటారు. మిగతా పిల్లలు హాస్టల్లో టీవీ ముందే. నలభై ఏళ్లు దాటి, ఉద్యోగం సెలవు ఉన్నవాళ్ల పండగ అయిపోతుంది ఇది. కాలేజీ ఆటలో కాలేజీ పిల్లలే తక్కువైతే ఆ హాలులో గోల వేరేగా ఉంటుంది, వినేవాళ్లకి తెలుస్తుంది.

ఇంతకన్నా ఘోరం రీజనల్స్. పదహారు జట్లు, నాలుగు చోట్ల, నాలుగేసి. 1990ల మొదటి దాకా తొలి రౌండ్లు కాలేజీల సొంత రింకుల్లోనే జరిగేవి, కిటకిటలాడేవి. తర్వాత తటస్థ వేదికలన్నారు. ఫైనల్‌కి ఆ పద్ధతి చెల్లుతుంది, ఎందుకంటే అది ఏడాది ముందే ప్లాన్ చేసుకుని వచ్చే యాత్ర. రీజనల్‌కి ఎవరొస్తారు? ఏ జట్టు ఏ ఊరు వెళ్తుందో వారం ముందు గానీ తెలియదు. దగ్గర్లో జట్టు లేకపోతే పెద్ద పెద్ద హాళ్లు సగానికి పైగా ఖాళీ. ఏడాదంతా కష్టపడి మొదటి ర్యాంకు తెచ్చుకున్న జట్టు ఖాళీ కుర్చీల ముందు ఆడాలి. నన్నడిగితే రీజనల్స్ తిరిగి కాలేజీలకి ఇచ్చేయాలి, ఫైనల్ మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవాలి. అమ్మాయిల టోర్నమెంట్‌లో క్వార్టర్‌ఫైనల్స్ దాకా కాలేజీ రింకుల్లోనే ఆడుతున్నారు, అక్కడ ఎవరూ ఏడవడంలేదు.

2026 పోటీలు లాస్ వెగాస్‌కి ఇచ్చారు, టీ-మొబైల్ అరీనా. అక్కడ 2017లో గోల్డెన్ నైట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు వచ్చింది, ఆరేళ్లకే స్టాన్లీ కప్ కొట్టింది, ఊళ్లో యూనివర్సిటీకి పేరున్న క్లబ్ జట్టు ఉంది. ఆ క్లబ్ జట్టు రేపు అరిజోనా స్టేట్ దారి పడితే, దానికి దాతలు దొరికితే, చేర్చుకునే లీగ్ ఉంటే, అప్పుడు వెగాస్‌లో ఆట పెరిగిందని నేనే వచ్చి చెబుతాను. నేను చూసేది ఆ మూడే. శనివారం రాత్రి హాలు నిండిందా లేదా అన్నది కాదు, వెగాస్‌లో హాలు నిండకపోవడం ఏమిటి, అక్కడ ఏం పెట్టినా నిండుతుంది.

ఆఁ, వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు... టికెట్లా? మళ్లీ టాంపాకి వస్తే ఎలా కొనాలి అని. ముందుగా అమ్మేటప్పుడు మూడు మ్యాచులకీ కలిపి ఒకే ప్యాకేజీ అంటగడతారు, ధర చూసి గుండె గుభేలుమంటుంది. కంగారుపడకండి. గురువారం రాత్రి రెండు జట్లు ఓడిపోతాయి. ఆ జట్ల అభిమానుల్లో చాలామంది శనివారం దాకా ఉండలేక టికెట్లు అమ్మేసుకుంటారు. శుక్రవారం పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చోండి, మంచి సీట్లే దొరుకుతాయి. పిల్లలకి స్వెట్టర్లు తీసుకెళ్లండి, బయట ఎండని చూసి మోసపోవద్దు, లోపల గజగజలాడిస్తారు.